ఐదు నక్షత్రాల కీమో

అమృతహాస క్యాన్సర్ ఆస్పత్రిలో ఆ నెల ఒకటో తారీఖు నుంచి రోగం తగ్గడం ఐచ్ఛికం, సంతోషించడం తప్పనిసరి అయింది.

ఈ సంగతి తెలియక దంగేటి మంగతాయారు పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఒళ్ళో మజ్జిగ సీసా, సంచీలో నాలుగు నిమ్మకాయలు, పక్కన మొగుణ్ణి పెట్టుకుని మూడో కీమోకి వచ్చేసింది. ఆవిడకి రొమ్ములో గడ్డ బయటపడి మూడు నెలలయింది. మొత్తం ఆరు కీమోలు, ఇరవై ఒక్క రోజులకొకటి. "అమ్మా, పెళ్ళి ముహూర్తమైనా అటూ ఇటూ జరపొచ్చు గానీ దీన్ని జరపడానికి లేదు," అని డాక్టర్ నూర్జహాన్ మొదటి రోజే చెప్పారు. మంగతాయారు జరపలేదు. రెండు కీమోలకే ఉసిరికాయంత గడ్డ చింతపిక్కంత అయింది. నిన్న ఊళ్ళో తీసిన రక్తం రిపోర్టూ బాగుంది. ఇవాళ ఆ మందు ఒంట్లోకి ఎక్కితే సగం దూరం వచ్చినట్టే.

గుమ్మం దగ్గర "రోగులు ఈ వైపు" అనే పాత బోర్డు లేదు. దాని చోట "ప్రయాణికులకు సుస్వాగతం" అని ఉంది.

"ప్రయాణికులేంటండీ? దారి తప్పి బస్టాండుకి గానీ వచ్చేశామా?" అంది మంగతాయారు.

మొగుడు వీరభద్రం మాస్టారు కళ్ళజోడు సవరించుకుని బోర్డు మొత్తం చదివి, "క్యాన్సర్ మాట ఎక్కడా లేదే. తీసేశారు," అన్నారు.

"మాట తీసేస్తే తీసేశారు. నాలోది కూడా తీసేస్తే ఇంటికెళ్ళిపోదాం."

కీమో గదికి ఇప్పుడు "ఆనంద లాంజ్" అని పేరు. తలుపు దగ్గర సిస్టర్ ఎస్తేరు నిలబడి నవ్వుతోంది. ఎస్తేరు మంచి మనిషే గానీ నవ్వే మనిషి కాదు. సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ముఖం మాత్రం ఎప్పుడూ కరెంటు బిల్లు చూసినట్టుంటుంది. అలాంటిది ముప్ఫై రెండు పళ్ళూ బయట పెట్టేసరికి మంగతాయారుకి గుండె ఝల్లుమంది.

"ఏంటమ్మా, నా రిపోర్టు ఏమైనా తేడాగా వచ్చిందా?"

"ఆయ్, అదేం లేదండమ్మా. రోజుకి నూట ఇరవై నవ్వులు రాయాలండి రిజిస్టర్లో. పొద్దున్నించీ ముప్ఫై అయ్యాయి. దవడ లాగేత్తంది."

ఇదంతా కొత్తగా వచ్చిన ముఖ్య అనుభవాధికారి నిఖిలేశ్వర్ గారి చలవ. ఆయన ఇంతకుముందు నీళ్ళ పార్కులో జారుడుబల్లల విభాగం చూసేవారు. అక్కడ జనం కెవ్వుమంటూ కిందికి జారి, మళ్ళీ వచ్చి అదే క్యూలో నిలబడ్డం గమనించి, మనిషికి కావలసింది అనుభవమే గానీ ఎక్కడ తేలామన్నది కాదని కనిపెట్టారు. ఆ సూత్రాన్ని వైద్యానికి అన్వయించే పని ఇప్పుడు ఇక్కడ నడుస్తోంది. వాంతులయ్యాయని ఒకాయన మూడు నక్షత్రాలు ఇస్తే, వాంతి బేసిన్ల మీద నెమళ్ళ బొమ్మలు వేయించారు. గంటల తరబడి కూర్చోబెట్టారని ఇంకొకావిడ రాస్తే, గోడ గడియారాలన్నీ పీకించేశారు. అప్పట్నుంచీ ఆ ఆస్పత్రిలో ఎవరికీ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

ఇదంతా ఎందుకంటే, రోగానుభవ ప్రమాణాల మండలి అని ఒకటుంది. అది "స్వర్ణ మందహాసం" అనే పత్రం ఇస్తుంది. ఆ పత్రం కావాలంటే ప్రతి ఒక్కరూ ఐదుకి ఐదు నక్షత్రాలు ఇవ్వాలి. అందుకని కొత్త రూలు పెట్టారు: గత కీమో అనుభవానికి ఇంటి తరఫు మనిషి ఐదు నక్షత్రాలూ ఇస్తేనే ఈసారి కీమో యంత్రం తాళం తెరుచుకుంటుంది.

ఎస్తేరు ట్యాబు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. "మీరే కదండీ ఇంటి తరఫు మనిషి. అన్నిటికీ ఐదు నొక్కెయ్యండి, నేనెళ్ళి మందు కలిపించుకొత్తాను," అని నవ్వి, రిజిస్టర్లో ముప్ఫై ఒకటి వేసుకుని వెళ్ళింది.

మంగతాయారుకి అప్పుడు తట్టింది, ఎవరి చేతిలో ఏం పెట్టారో.

వీరభద్రం మాస్టారు ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఆ ముప్ఫై రెండేళ్ళలో నూటికి నూరు ఒక్కడికీ వెయ్యలేదు. లెక్కలన్నీ కరెక్టయితే మార్జిన్ వంకరనేవారు. మార్జిన్ తిన్నగా ఉంటే సిరా వెలిసిందనేవారు. జిల్లా ఫస్టొచ్చిన పిల్ల తండ్రి బుట్టెడు పనసతొనలతో వచ్చి అడిగితే, "నూరో మార్కు ఇచ్చేస్తే ఇంక దానికి ఎదగడానికేం మిగులుతుందండీ?" అని, పనసతొనలు మాత్రం బాగున్నాయని చెప్పి పంపించారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మేనమామ అడిగితే, "ఫర్వాలేదు, డెబ్బై దాటుతుంది," అన్నారట. ఆ కబురు పెళ్ళయిన ఆరు నెలలకి మంగతాయారు చెవిన పడింది. ఆ వారమంతా ఇంట్లో చారు తప్ప ఇంకోటి కాయలేదు.

"ఏవండీ, చదవొద్దు. నొక్కెయ్యండి," అంది.

"ప్రశ్న చదవకుండా మార్కెలా వేస్తానే?" అని మాస్టారు పైకి చదవడం మొదలెట్టారు. "ఒకటి. మా సూది మీకు ఎంత ఆత్మీయంగా గుచ్చుకుంది?"

"చాలా ఆత్మీయంగా. ఐదు."

"రెండు. జుట్టు రాలే అనుభవం మీ అంచనాలను మించిందా?"

"మించిపోయింది. కనుబొమలు కూడా రాలాయి. ఐదు."

"మూడు. వాంతుల వేళ మా సిబ్బంది మందహాసం మీకు ఊరటనిచ్చిందా?"

"అప్పుడు నేను బేసిన్‌లోకి చూస్తున్నానండీ, ముఖాల్లోకి కాదు. ఐదు వేసెయ్యండి."

"నాలుగు. మా కీమోను మీ బంధుమిత్రులకు సిఫారసు చేస్తారా?"

మంగతాయారు ఒక్క క్షణం ఆలోచించింది. "మీ చెల్లెలికి చేస్తాను."

మాస్టారు అది విననట్టు నటించి, చాలాసేపు ట్యాబు మీద వేలు ఆడించి, ఆఖరికి తృప్తిగా తల పైకెత్తారు. "అన్నిటికీ నాలుగేసి ఇచ్చాను. పాపం సిస్టరుగారు కష్టపడుతోంది. నా చేతిలో ఐదుకి నాలుగంటే..."

"మీ చేతిలో నాలుగంటే మెళ్ళో దండేసి ఊరేగించినట్టని నాకు తెల్సండీ. ఆ పలకకి తెలీదు కదా!"

పలకకి నిజంగానే తెలీదు. ఎర్రగా వెలిగి, తేనె పూసిన ఆడగొంతుతో, "మీ ప్రయాణం నిలిపివేయబడింది. దయచేసి చిరునవ్వుతో వేచి ఉండండి," అంది. మంగతాయారు కుర్చీ పక్కనున్న కీమో యంత్రం టక్కుమంది గానీ తాళం తెరుచుకోలేదు.

ఐదు నిమిషాల్లో నిఖిలేశ్వర్ గారు వచ్చారు. సూటు, టై, చేతిలో ఫోను, కళ్ళలో అపారమైన సానుభూతి. మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"సార్, మీ నాలుగుని మేం గౌరవిస్తున్నాం. కానీ అది మా సంస్థకి ఒక గాయం."

"మా ఆవిడకి గడ్డండి," అన్నారు మాస్టారు.

"రెండూ కలిసి మాన్పుకుందాం సార్. అండ్, చిన్న రిక్వెస్టు. గడ్డ అనే మాట మేమిక్కడ వాడం. సహప్రయాణికుడు అంటాం."

"వాణ్ణి మధ్యలో దింపెయ్యడానికే కదండీ బాబూ నేనొచ్చింది!" అంది మంగతాయారు. "సరే, పోనివ్వండి. ఈయనకి పెద్ద చెయ్యి లేదు, మార్కుల దగ్గర పుట్టు లోభి. ఆ నాలుగు తీసేసి ఐదు పెట్టెయ్యండి, మందెక్కించెయ్యండి."

మాస్టారు కూడా భార్య ముఖం చూసి, "అవునండీ. నాదే పొరపాటు. ఐదు వేసుకోండి," అన్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి దంతం ఊడినట్టు వచ్చింది.

నిఖిలేశ్వర్ గారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. "నో నో నో! ఒకసారి ఇచ్చిన అనుభవాంకాన్ని దిద్దడం తీవ్రమైన నేరం సార్. మండలి వాళ్ళు డేటా మొత్తం ఆడిట్ చేస్తారు."

"ఆ మాటకొస్తే అది న్యాయమేనే తాయారూ," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "వాల్యుయేషన్ అయిపోయిన పేపర్లో మార్కులు దిద్దితే..."

"మీరు కాస్సేపు బయట కూర్చోండి," అంది మంగతాయారు. ఆయన కూర్చోలేదు.

"పరిష్కారం ఉంది మేడమ్," అన్నారు నిఖిలేశ్వర్. "అంకం మారాలంటే అనుభవం మారాలి. మీరు రెండో కీమోని మళ్ళీ అనుభవించాలి. దీన్ని మేం పునరనుభవం అంటాం. ఈసారి పక్కన వయొలిన్ ఉంటుంది."

అప్పటికే ఎస్తేరు వెళ్ళి డాక్టర్ నూర్జహాన్‌ని పిలుచుకొచ్చింది. ఆవిడ పొద్దున్నించీ నలభై మందిని చూసి, నలభై ఒకటో మనిషిని మధ్యలో వదిలేసి వచ్చారు.

"రెండో కీమో మూడు వారాల కిందటే అయిపోయిందండీ. లోపలికెళ్ళిన మందుని బయటికి తోడి మళ్ళీ ఎక్కించడం నాకు రాదు."

"మందు అక్కర్లేదు డాక్టర్. ఉత్త సెలైన్. మేం కొలిచేది అనుభవాన్ని, మందుని కాదు."

"మరి మూడోది?"

"పునరనుభవం అయిన ఇరవై ఒక్క రోజులకి. ఆ గ్యాప్ తప్పకూడదని మీరే కదా డాక్టర్ రూలు పెట్టారు!" అని నిఖిలేశ్వర్ గారు వైద్యశాస్త్రం పట్ల తనకున్న గౌరవాన్ని చాటుకున్నారు.

"అంటే నలభై రెండు రోజులు మందు లేకుండా. తగ్గుతున్నది మళ్ళీ పెరిగితే?"

"పెరిగితే దానికి వేరే ఫారం ఉంది డాక్టర్. ‘ఊహించని మలుపుల అనుభవం.’ దాంట్లో మనకి స్కోరు చాలా బాగుంది."

మంగతాయారు చింతపిక్కంత అయిన దాన్ని చేత్తో తడుముకోబోయి, నలుగురూ ఉన్నారని ఆగిపోయింది. ఇరవై ఒక్క రోజులు ఊరుకుంటే అది ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మ ముఖం తప్ప. పక్కన మాస్టారు ట్యాబు పట్టుకుని, నాలుగో నక్షత్రం పక్కన ఖాళీగా ఉన్నదాన్ని బొటనవేలితో నొక్కుతున్నారు, నొక్కుతున్నారు. అది నిండడం లేదు.

సరిగ్గా అప్పుడు నిఖిలేశ్వర్ గారి ఫోను మోగింది. విన్నారు.

"తనిఖీ వాళ్ళు గేటు దగ్గరున్నారా? మరి మన మాదిరి ప్రయాణికురాలు? పారిపోవడమేంటి!"

సంగతేమంటే, మండలి తనిఖీ ఆ రోజే. తనిఖీలో అసలు రోగుల్ని ప్రశ్నించకూడదని పద్నాలుగో నిబంధన. వాళ్ళ అభిప్రాయాలు మరీ వ్యక్తిగతంగా ఉంటున్నాయని లోగడ ఫిర్యాదులొచ్చాయి. అందుకని ప్రతి ఆస్పత్రీ ఒక మాదిరి కుర్చీ వేసి, అందులో మాదిరి రోగిని కూర్చోబెట్టి, వైద్యం చేసి చూపించాలి. నిఖిలేశ్వర్ గారు నాటకాల్లో సత్యభామ వేసే ఒకావిణ్ణి మాట్లాడి తెచ్చారు. ఆవిడ వారం రోజులు రిహార్సల్ చేసింది. మూలగడం, నిట్టూర్చడం, మధ్యలో ఆశగా కిటికీ వైపు చూడడం అన్నీ వచ్చేశాయి. తీరా ఇవాళ సూది నిజం సూదని తెలిసేసరికి, జడ ఒక్క విసురు విసిరి వెనక గేటు గుండా వెళ్ళిపోయింది.

"పది నిమిషాల్లో క్యాన్సర్ పేషెంట్‌ని ఎక్కణ్ణించి తెమ్మంటారు!" అని నిఖిలేశ్వర్ గారు ఆ హాలు మధ్యలో, అరవై మంది క్యాన్సర్ పేషెంట్ల నడుమ నిలబడి తల పట్టుకున్నారు.

ఎస్తేరు దగ్గింది. "ఆయ్, మన మంగతాయారమ్మగారు ఉన్నారు కదండీ. ఆవిడకి సూది అలవాటే."

నిఖిలేశ్వర్ గారు మంగతాయారుని పైనుంచి కిందిదాకా చూశారు. "నటించగలరా మేడమ్? క్యాన్సర్ పేషెంట్‌గా?"

"ప్రయత్నిస్తానండి."

"ఆ విగ్గు బాగుంది. గుండు చేయించుకున్నట్టే ఉంది. మేకప్ ఎవరు?"

"డాక్టరమ్మగారేనండి. రెండు సిట్టింగులయింది."

మాదిరి కుర్చీ మెట్ల పక్కన అద్దాల గదిలో ఉంది. దానికి యంత్రమైతే ఉంది గానీ తాళం లేదు, ట్యాబు లేదు. అసలు రోగి కూర్చోని కుర్చీకి అవేం అవసరం? డాక్టర్ నూర్జహాన్ లోపలికెళ్ళి, మంగతాయారు పేరు రాసి ఉన్న మందు సీసా తెచ్చి, లేబులు రెండుసార్లు చదివి, స్టాండుకి తగిలించారు.

"ఆ సీసాలో ఏముంది డాక్టర్?" అన్నారు నిఖిలేశ్వర్ గుమ్మంలోంచి.

"కీమో మందండి. వాళ్ళు దగ్గరికొచ్చి లేబులు చదువుతారేమోనని."

"గుడ్! సహజత్వం అంటే అదీ. ఇలా ఆలోచించేవాళ్ళు డాక్టర్లలో తక్కువ."

ఎస్తేరు సూది పెట్టింది. నవ్వలేదు. మంగతాయారుకి ప్రాణం లేచొచ్చింది. మందు చుక్క చుక్కగా దిగడం మొదలెట్టింది. మాస్టారిని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, బంధువు పాత్ర అని మెళ్ళో కార్డు తగిలించి, చేతిలో ఒక చీటీ పెట్టారు. దాని మీద ఒకటే డైలాగు: "ఇక్కడ మాకు మా ఇంట్లో ఉన్నట్టే ఉంది."

తనిఖీ అధికారి బూడిద రంగు సఫారీ వేసుకుని, చంకలో ఫైలుతో, చెప్పుల చప్పుడు లేకుండా వచ్చారు. కుర్చీ చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేశారు. సీసా చూశారు, సూది చూశారు, బేసిన్ మీద నెమలిని చూసి తలూపారు.

"ప్రయాణిక పాత్రధారిణి గారూ, తమరికి ప్రస్తుతం ఎటువంటి అనుభూతి కలుగుచున్నది?"

"నోరంతా ఇనుప మేకు చప్పరించినట్టుందండి. కడుపులో తిప్పుతోంది. కాళ్ళు తిమ్మిర్లు. అయినా ఇది ఎక్కుతోందంటే హాయిగా ఉందండి."

"పరస్పర విరుద్ధముగా ఉన్నది," అని అధికారి రాసుకున్నారు. "అయినను కనుబొమల విషయమున శ్రద్ధ కనబడుచున్నది." తర్వాత స్టూలు వైపు తిరిగారు. "బంధువు పాత్రధారి గారూ, తమరు?"

మాస్టారు చీటీ చూశారు. చదవడానికి నోరు తెరిచారు. చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

"భయంగా ఉందండి," అన్నారు.

నిఖిలేశ్వర్ గారు వెనక నుంచి చేతులూపారు. మాస్టారు అటు చూడలేదు.

"రాత్రిళ్ళు ఈవిడ నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నానండి, ఊపిరాడుతోందా లేదా అని. ఈవిడకి తెలీదు. లెక్కల మాస్టార్ని. ఆరులోంచి మూడు పోతే మూడని తెలుసు. ఆ మూడూ అయిపోయాక ఏమవుతుందో ఆ లెక్క రాదండి నాకు. మా ఇంట్లో కందిపప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదు. మొన్న ఈవిడ పడుకుంటే లేపకుండా వెతికాను. దొరకలేదు. వంటింట్లో కింద కూర్చుండిపోయాను. ఇవాళ నా వేలు మూలంగా ఈ మందు ఆగిపోయిందండి. ఆగిపోతే..."

మంగతాయారు నోట్లో ఇనుప మేకు సంగతి మర్చిపోయింది.

అధికారి కలం తీశారు. "ఈ సంభాషణలు ఎవరు రచించినారు?"

"మా టీమ్ సార్. స్పెషల్ వర్క్‌షాప్ పెట్టాం," అన్నారు నిఖిలేశ్వర్ క్షణం తడుముకోకుండా.

"బంధువు పాత్ర: ప్రయత్నము మెచ్చదగినది, కానీ అతి," అని అధికారి పైకి చదువుతూ రాశారు. "నిజ జీవితమున ఎవరునూ ఈ విధముగా మాట్లాడరు. తగ్గించవలెను. ప్రయాణికురాలు మాత్రము సంతృప్తికరము. ఈమెను మార్చరాదు."

"మార్చమండి," అన్నారు డాక్టర్ నూర్జహాన్ చప్పున. "కాకపోతే అభ్యాసం తప్పితే ఈ సహజత్వం పోతుందండి. ఇరవై ఒక్క రోజులకొకసారి రిహార్సల్ ఉండాలి. ఇంకో మూడు చాలు."

"రాసుకొనుడు," అన్నారు అధికారి. నిఖిలేశ్వర్ గారు రాసుకున్నారు. కింద సంతకం కూడా పెట్టారు. తర్వాత అందరూ కలిసి ఆనంద లాంజ్‌లో గడియారాలు లేని గోడలు చూడడానికి వెళ్ళారు. డాక్టరమ్మ నలభై ఒకటో మనిషి దగ్గరికి పరిగెత్తారు. ఎస్తేరు మందు దిగే వేగం సరిచూసి, ఇవాళ్టికి నవ్వులు చాలని రిజిస్టరు మూసేసి వెళ్ళింది.

అద్దాల గదిలో ఇద్దరే మిగిలారు. మంగతాయారు కాస్సేపు సీసా వైపు చూసింది, కాస్సేపు స్టూలు వైపు చూసింది. మాస్టారు ముఖం రుమాల్లో పెట్టుకుని ఉన్నారు. భుజాలు కదులుతున్నాయి.

"ఏవండీ. వాళ్ళెళ్ళిపోయి పావుగంటయింది. ఇంకా ఎందుకండీ ఏడుస్తారూ?"

మాస్టారు రుమాలు తీయకుండానే అన్నారు. "ఇప్పుడే మొదలెట్టానే."

మంగతాయారు సూది లేని చెయ్యి ఆయన వైపు జరిపింది. "సరే, కానివ్వండి. సీసాలో ఇంకా సగముంది."